పియానో అలిగింది

వేడి చల్లారకముందే రాస్తున్నాను, ముందూ వెనకా సరిగా అతక్కపోతే సర్దుకోండి. విశాఖలో సముద్రపు గాలి నేరుగా తగిలే ఒక హాలు. పిల్లల సంగీత తరగతుల వార్షికోత్సవం. వేదికకి ఎడమపక్క ఒక డిజిటల్ పియానో: 88 మీటలు, 12 కిలోల లోపు బరువు, మడిచి చంకలో పెట్టుకుపోయే ఇనప స్టాండు. కుడిపక్క గోడకి ఆనించి హాలువారి సొంత, తీగలు నిలువుగా బిగించిన అప్‌రైట్ పియానో. దాని మీద జరీ అంచు గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలకుండీ, మూతకి తాళం. ఎడమపక్క కూర్చుని వాయించిన మనిషి పేరు ఈ వ్యాసంలో రాదు. ఎందుకు రాదని గుచ్చి గుచ్చి అడిగితే ఇక్కడితో ఆపేస్తాను.

సౌండ్ చెక్ అయింది. ప్రార్థన అయింది. ప్రార్థనకి శ్రుతి ఇచ్చింది పాడిన అమ్మాయి సెల్‌ఫోన్లోని తంబుర యాప్. అది అసలు తంబురేనా అని సభలో ఒక్కరికీ సందేహం రాలేదు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. తర్వాత జ్యోతి, సన్మానాలు. కప్పి తీసిన శాలువాలు ఎక్కడ పెట్టాలో తెలియక, చదునుగా కనిపించిందని డిజిటల్ పియానో ఎడమ చివర మీద పెట్టారు. పవర్ దీపం ఉండేది కూడా ఆ చివరే.

మైకు ముఖ్య అతిథిగారి చేతికి వెళ్లింది.

ఆయనకి సంగీతమంటే ప్రాణమట. ఆ సంగతి ఆయనే మూడుసార్లు చెప్పారు. పూర్వం కచేరీలు, పూర్వం శ్రోతలు, పూర్వం చెవులు అయ్యాక ఆయన చూపు వేదిక మీది రెండు వాద్యాల మీద పడింది. "అదిగో, పియానో అంటే అదీ!" అని కుడివైపు చెయ్యి చాచారు. "మరి ఇదీ? ప్లగ్గు పెడితే పలికే పెట్టె. కరెంటు పోతే ఏమవుతుంది? బల్ల అవుతుంది!" సభ ఘొల్లుమంది. పెట్టె ముందు కూర్చున్న మనిషి కూడా నవ్వాడు, కూరలో ఉప్పెక్కువైందని మగపెళ్లివారు అన్నప్పుడు ఆడపిల్ల తండ్రి నవ్వినట్టు.

ఆయన అన్నదాంట్లో సగం సబబే, కాదనను. అసలు పియానోలో 220కి పైగా ఉక్కు తీగలుంటాయి. అవన్నీ కలిసి లాగే బలం టన్నుల్లో ఉంటుంది, దాన్ని ఆపడానికే లోపల పోతపోసిన ఇనప చట్రం. మీట నొక్కితే ఉన్ని ఫెల్టు చుట్టిన సుత్తి ఎగిరి తీగని కొట్టి వెనక్కి పడుతుంది. స్వరం ఆగిపోకుండా సాగదీసే పెడల్ తొక్కి ఒక తీగని మోగిస్తే దాని చుట్టాలైన తీగలు కూడా సన్నగా హమ్ముమంటాయి. అప్‌రైట్ అయినా సరే రెండు క్వింటాళ్ల బరువు, మెట్ల మీద ఎక్కించాలంటే నలుగురు మనుషులు, వాళ్ల తిట్లు. డిజిటల్‌లో తీగ లేదు. మీట కింద ఒక చిన్న బరువు, దాని దారిలో రెండో మూడో సెన్సర్లు. మొదటి సెన్సర్ తగిలాక రెండోది తగలడానికి ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి, ఆ వేగానికి తగ్గ బిగ్గరతనంతో, ఎక్కడో ఒక పెద్ద పియానో నుంచి ముందే రికార్డు చేసి దాచిన ధ్వనిని వినిపిస్తుంది. అంటే మనం వాయించేది సుత్తినీ తీగనీ కాదు, స్టాప్‌వాచీని.

కానీ పియానోకి ఆ పేరెందుకొచ్చిందో అతిథిగారిని ఎవరూ అడగలేదు. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్సులో బార్తలోమియో క్రిస్టోఫోరి దాన్ని చేశాడు. అంతకుముందున్న హార్ప్సికార్డు అనే మీటల వాద్యం తీగని గిల్లుతుంది. మెల్లగా నొక్కినా గట్టిగా బాదినా ధ్వని ఒక్కలాగే ఉంటుంది. ఇతనిదేమో వేలు ఎలా పడితే అలా పలికింది కాబట్టి 'మెల్లగానూ గట్టిగానూ' అని అర్థం వచ్చే ఇటాలియన్ పేరు పెట్టారు. వాడుకలో అరిగి అరిగి అందులో 'మెల్లగా' ఒక్కటే మిగిలింది, అదే పియానో. అతను చేసినవాటిలో మూడు ఇప్పటికీ ఉన్నాయి, 1720, 1722, 1726 నాటివి. ఒక్కదానికీ 88 మీటలు లేవు, నాలుగు నాలుగున్నర స్థాయిలే. ఇప్పటి లాంటి ఇనప చట్రమూ లేదు. ఈ లెక్కన ఇనుమూ బరువూ కొలిస్తే పియానో కనిపెట్టినవాడే పరీక్ష తప్పుతాడు. వేలి స్పర్శ కొలిస్తే ఎడమపక్క పెట్టె పాసవుతుంది, ఎంత నొక్కినా ఒకే గొంతుతో అరిచే చవక కీబోర్డు తప్పుతుంది. గ్రైండర్లో రుబ్బిన పిండితో వేస్తే గారె కాకుండా పోతుందా? రోటి గారె రుచి వేరు, నిజమే. అలాగని రెండోదాన్ని బల్ల అనరు కదా. ఇందాకటి సెల్‌ఫోన్ తంబురని ఎవరూ ఏమీ అనలేదు కూడా.

ఇదంతా లేచి చెప్పాలని ఆ మనిషి నాలుక చివరిదాకా వచ్చింది. ముఖ్య అతిథి మాట్లాడుతుండగా మధ్యలో లేచే అలవాటు మన సభల్లో లేదు. మాటలు మింగి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకోవడమే కొంప ముంచింది.

ఎందుకంటే చాలా డిజిటల్ పియానోలు, 30 నిమిషాలు ఎవరూ మీట ముట్టుకోకపోతే వాటంతట అవే ఆరిపోతాయి. ఫ్యాక్టరీ నుంచే ఆ అమరికతో వస్తాయి. దీని మూలం యూరప్‌లో ఉంది: ఖాళీగా పడున్న పరికరాలు ఊరికే కరెంటు తినకూడదని 2008లో అక్కడ నిబంధన తెచ్చారు, తనంతట తాను ఆరే ఏర్పాటు 2013 నుంచి అందులో చేరింది, ఆ పరికరాల జాబితాలో వాద్యాలూ ఉన్నాయి. బాగానే ఉంది. కానీ ఇలాంటి పెట్టె తినేది ఓ చిన్న ఎల్ఈడీ బల్బు తినేంత. అతిథిగారి ముఖం మీద వేసిన దీపాలు ఒక్కొక్కటి వెయ్యి వాట్లు. అవి ఆరలేదు. ఆయనా ఆరలేదు. ఉపన్యాసం 34 నిమిషాలు. నువ్వు పియానోవే కాదని అరగంటసేపు మొహం మీదే అంటే ఎవరికైనా అలక రాదూ! శాలువా కింద చప్పుడు లేకుండా అలకపాన్పు ఎక్కేసింది.

దీన్ని ముందే ఆపుకోవచ్చు. కొన్ని యమహా మోడళ్లలో ఎడమ చివరి మొదటి మీటని నొక్కి పట్టుకుని స్విచ్చి వేస్తే ఆ ఏర్పాటు రద్దవుతుంది. మిగతా రకాల్లో ఏ మీటో, ఏ బటనో మాన్యువల్లో ఉంటుంది. మాన్యువల్ అట్టపెట్టెలో ఉంటుంది. అట్టపెట్టె అటక మీద ఉంటుంది.

సరే, పేరు పిలిచారు. చప్పట్లు. ఆ మనిషి వీపు నిటారు చేసి, ముంజేతులు నేలకి సమాంతరంగా తెచ్చి, ఊపిరి పీల్చి, ఎడమచేత్తో కింది స్థాయిలో ఒక స్వరం, కుడిచేత్తో మూడు స్వరాల గుచ్ఛం, కాస్త నాటకీయంగానే దించాడు.

టప్.

కరెంటు లేని డిజిటల్ పియానో నిశ్శబ్దంగా ఉంటుందని మీరనుకుంటే పొరపాటు. మీట కింది బరువులు కరెంటుతో పనిలేకుండా లేచి పడతాయి. ఎడమవైపువి ఎక్కువ బరువు, కుడివైపుకి పోయేకొద్దీ తేలిక. అసలు పియానో చేతికి ఎలా తగులుతుందో అలా తగలాలని కష్టపడి అలా చేస్తారు. కాబట్టి ఎడమచెయ్యి వేస్తే 'దబ్', కుడిచెయ్యి వేస్తే 'టిక్ టిక్'. మూడు దెబ్బల వాల్ట్జ్ అది: దబ్ టిక్ టిక్, దబ్ టిక్ టిక్. పక్కవీధిలో అటుకులు దంచుతున్నట్టు ఉంది. పోనీ ఒక్క దెబ్బతో ఆగాడా? లేదు. వాయించేవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది, ధ్వని రాకపోతే తప్పు స్పీకరుది, వేలిది కాదు. స్పీకరు ఏ క్షణమైనా లేస్తుందన్న ఆశతో, అది లేచేసరికి ముక్క మధ్యలో ఉండాలన్న పట్టుదలతో, మూడు దెబ్బలకి ఒక బారు లెక్కన ఎనిమిది బార్లు దంచాడు. నాలుగో బారులో మెల్లగా, ఆరో బారులో గట్టిగా అని స్వరపత్రంలో ఉంది. అది కూడా పాటించాడు. దబ్ దబ్బుగానే ఉంది గానీ మెల్లని దబ్‌కీ గట్టి దబ్‌కీ తేడా స్పష్టంగా వినిపించింది. క్రిస్టోఫోరి ఉంటే మెచ్చుకునేవాడు. ముందు వరసలో ముఖ్య అతిథి పక్కాయన వైపు వంగి ఒక్క మాట అన్నారు. ఆ మాటలో పెదవులు రెండూ ఒకసారి కలిశాయి. 'బల్ల'లో మొదటి అక్షరానికి అలాగే కలుస్తాయి.

సౌండ్ కుర్రాడు పరుగెత్తుకొచ్చి "జాక్ లూజ్ సార్" అని తేల్చేశాడు. అతని లెక్కలో ప్రపంచంలోని సమస్తానికీ జాక్ లూజే కారణం. వైరు పీకి మళ్లీ పెట్టాడు, స్పీకర్లు గుర్రుమన్నాయి. అప్పుడు శాలువా జారింది, ఆరిన దీపం కనిపించింది.

స్విచ్చి వేస్తే అయిదారు సెకన్లలో లేస్తుంది. వేశాడు కూడా. అయితే పాదం సంగతి చెప్పాలి. ఈ పెట్టెలతోపాటు ఊరికే వచ్చే పెడల్ సబ్బుబిళ్ల డబ్బాకన్నా కొంచెం పెద్ద ప్లాస్టిక్ ముక్క. వేదికేమో నున్నటి గ్రానైటు. తొక్కిన ప్రతిసారీ అది రెండంగుళాలు ముందుకి పారిపోతుంది. కింద రబ్బరు మ్యాట్ వెయ్యాలి, కనీసం పాత కాలిపట్టా ముక్క. వెయ్యలేదు. కాబట్టి అది పారిపోకుండా ఆ మనిషి పాదంతో గట్టిగా తొక్కిపట్టి ఉంచాడు, స్విచ్చి వేస్తున్నప్పుడు కూడా.

ఇక్కడే రెండో వేటు. పెడల్ స్విచ్చిల్లో రెండు జాతులున్నాయి: తొక్కితే సర్క్యూట్ మూసుకునేవి, తొక్కితే తెరుచుకునేవి. ఏ కంపెనీ పెడల్ పెట్టినా పనిచెయ్యాలని, లేచే క్షణంలో పెట్టె ఒకసారి పెడల్ వైపు చూసి, 'ఇప్పుడున్న స్థితే పాదం వెయ్యని స్థితి' అని రాసుకుంటుంది. తొక్కిపట్టి లేపితే అంతా తిరగబడుతుంది. పాదం వేస్తే ధ్వని తెగుతుంది, పాదం తీస్తే సాగుతుంది.

కాస్త సాగితే ఏమైందనకండి. పెడల్ ఎత్తేదే కింది స్వరగుచ్ఛం మారే చోట, పాతది ఆగి కొత్తది శుభ్రంగా వినపడాలని. తిరగబడ్డ పెడల్‌తో, శుభ్రం కావలసిన ప్రతిచోటా పాతదీ కొత్తదీ కలిసి సాంబారవుతాయి, కలవాల్సిన ప్రతిచోటా ఎండు తుమ్మముళ్లలా పొడుచుకొస్తాయి. చెవి ఏదో తేడాగా ఉందంటుంది, పాదం ఇంకా జాగ్రత్తగా తొక్కుతుంది, ఎంత జాగ్రత్తగా తొక్కితే అంత ఘోరం. మందు తెలిసినవాళ్లకి పది సెకన్ల పని: ఆపి, పాదం తీసి, మళ్లీ వెయ్యడమే. ఆ మనిషికి అది తెలుసు. పదిమందికి చెప్పాడు కూడా. ఆ పూట మాత్రం గుర్తుకు రాలేదు.

"సాంకేతిక లోపానికి చింతిస్తున్నాం" అని యాంకరమ్మ గట్టిగా చింతించింది. వెనకనుంచి ఎవరో "అసలు పియానో ఉందిగా!" అన్నారు. తాళంచెవి కార్యదర్శిగారి దగ్గర, కార్యదర్శిగారు భోజనాల దగ్గర. తెచ్చారు. పూలకుండీ దించారు, మూత తీశారు. నొక్కిన మీటల్లో సగం మళ్లీ పైకి రాలేదు. గాలిలో తేమ 60 శాతం దాటి అలాగే ఉంటే చెక్క ఉబ్బుతుంది, మీట కన్నాల్లో ఫెల్టు బిగుస్తుంది, సుత్తి కీళ్లు పట్టేస్తాయి. సముద్రం పక్కన లోపల హీటర్ కడ్డీ పెట్టకుండా, ఏటా రెండుసార్లు ట్యూనింగ్ చేయించకుండా తాళం వేసి కాపాడితే ఇంతే. పైగా ఎవరో ఎప్పుడో మధ్య పెడల్ తొక్కి పక్కకి జరిపి లాక్ చేసి వదిలేశారు, అంటే సుత్తులకీ తీగలకీ మధ్య ఇంటివాళ్లు నిద్రలేవకుండా వేసే ఫెల్టు తెర దిగి ఉంది. పలికిన నాలుగు మీటలూ దుప్పట్లోంచి మాట్లాడినట్టు పలికాయి.

ముఖ్య అతిథిగారు దాని పక్కన నిలబడి ఫొటో దిగారు.

సర్దుకునేటప్పుడు చూస్తే అడాప్టర్ లేదు. 12 వోల్టులది, గుండ్రటి పిన్ను, లోపల ప్లస్సు, బయట మైనస్సు. హాలువాళ్ల వైర్ల సంచీలో లేదని కుర్రాడు ఒట్టేసి చెబుతున్నాడు. శాలువాలన్నీ చుట్టచుట్టి అతిథిగారి కారెక్కించారు కదా, వాటి మడతల్లో ఒక్కసారి వెతికించండి బాబూ.