పోస్టులు సరే, పీరియడ్ ఎక్కడ?

ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక అవసరాల పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు. ఇలాంటి లెక్క ఒకటి తేల్చమని రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. మరుసటి ఏడాది కేంద్రం పై లెక్కను విద్యాహక్కు చట్టం షెడ్యూలులోకి ఎక్కించింది. రాష్ట్రాలు నానుస్తుంటే 2025 మార్చిలో కోర్టు మళ్లీ గట్టిగా అడగాల్సి వచ్చింది. తెలంగాణ అప్పటికే 2024 డీఎస్సీలో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద నడిచిన పనికి రెగ్యులర్ కొలువులు రావడం మంచి మాటే. అయితే పోస్టు నిండినంత మాత్రాన పిల్లవాడికి పాఠం అందుతుందా?

ఇప్పటిదాకా ఈ భారం మోసింది ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లోని ఐఈఆర్పీలు, అంటే సహిత విద్య రిసోర్స్ పర్సన్లు. వారి వారాన్ని ఒకసారి విప్పి చూద్దాం. ఒకరి కింద పన్నెండు బడులు, ముప్పై మంది పిల్లలు అనుకుందాం. ఆరు పనిదినాల్లో ఒకటి మంచానికే పరిమితమైన పిల్లల ఇళ్లకు పోతుంది. ఇంకొకటి మీటింగులకు, వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం స్లాట్లకు, ఉపకరణాలు పంచే అలిమ్కో క్యాంపులకు, ట్రాన్స్‌పోర్ట్, ఎస్కార్ట్ అలవెన్సుల బిల్లులకు. మిగిలిన నాలుగు రోజుల్లో రోజుకు రెండు బడులు తిరిగినా వారానికి ఎనిమిదే. అంటే ఒక బడి వంతు తొమ్మిది పనిదినాలకోసారి వస్తుంది. అక్కడ ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఒక్కొక్కరికి దక్కేది ముప్పావు గంట. ఈలోగా పిల్లవాడు నేర్చుకున్నది మరిచిపోతాడు, మళ్లీ మొదటికే వస్తుంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు రోజూ పదిహేను నిమిషాలు చేయించింది పది రోజులకోసారి గంటసేపు చెప్పినదానికన్నా మేలు చేస్తుందని ఈ వృత్తిలో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ రోజువారీ పావుగంటను ఎవరి టైంటేబుల్లోనూ రాయలేదు.

ఆ పావుగంట క్లాసు టీచరు ఇవ్వాల్సిందే. అందుకు ఆమె చేతిలో ఉండాల్సిన కాగితం వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అందరూ ఐఈపీ అనేది. చాలాచోట్ల అది భవిత సెంటర్ ఫైల్లోనే ఉంటుంది, నిరుటిదానికి తేదీ మార్చినదై ఉంటుంది. 'అంకెలు నేర్పాలి' అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. 'ముందు పది చింతగింజలు పెట్టి ఐదులోపు ఎన్ని అడిగినా, ఐదుసార్లలో నాలుగుసార్లు సరిగ్గా తీసిస్తాడు, ఆగస్టు నెలాఖరుకి' అని రాస్తే క్లాసు టీచరే కాదు, పక్క బెంచీ పిల్ల కూడా చేయించగలదు. సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ రూపొందించిన అంచనా పట్టికలు ఈ పద్ధతిలోనే నడుస్తాయి. ఒక స్థాయి అంశాల్లో 80 శాతం వస్తేనే పిల్లవాణ్ని పై స్థాయికి పంపుతారు. మూడు నెలలకోసారి ఈ పట్టిక నింపి, తల్లిదండ్రులను కూర్చోబెట్టి చదివి వినిపిస్తే చాలు. సంతకం ఒక్కటే తీసుకుంటే లాభం లేదు.

ఉపకరణాల సంగతి మరీ విచిత్రం. క్యాంపులో చెవి మిషన్ ఇస్తారు, ఫొటో దిగుతారు, లెక్కల్లో ఒక పిల్ల పూర్తయినట్టే. ఎదిగే వయసులో మిషన్‌ను చెవిలో పట్టి ఉంచే అచ్చు కొన్ని నెలలకే వదులవుతుంది. వదులైతే మిషన్ కూత పెడుతుంది, క్లాసంతా నవ్వుతుంది, మర్నాటి నుంచి అది ఇంట్లో బీరువాలో ఉంటుంది. గుండీ బ్యాటరీ ఎక్కువ రోజులు రాదు, మండలంలో దొరకడం కష్టం. పైగా మిషన్ మాటతోపాటు ఫ్యాను చప్పుడునూ పెంచుతుంది, టీచరు రెండు మీటర్లు దాటి నిలబడితే మాట గొణుగుడే. కాబట్టి మిషన్ వెంట ఏడాదికి సరిపడా బ్యాటరీలు, కొత్త అచ్చుకు తేదీ, ముందు బెంచీ ఇవ్వాలి.

ర్యాంపుల మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. ప్రమాణం 1:12. అడుగున్నర ఎత్తు వరండాకు పద్దెనిమిది అడుగుల పొడవుండాలి. ఆరడుగుల్లో ముగించినది వీల్‌చైర్‌కు పనికిరాదు, సైకిళ్లు దించుకోవడానికి పనికొస్తుంది.

అసలు ఎవరి కంటికీ ఆనని పిల్లలు వేరే ఉన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచి, చదవడం రాయడంలోని నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్నీ చేర్చింది. దీనికి ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు, 14, 18 ఏళ్లప్పుడు మళ్లీ పరీక్షించాలి. అప్పటికి పిల్లవాడు మూడో తరగతిలో 'మొద్దు' అనిపించుకుని కూర్చునుంటాడు. తెలుగులో ఇంకో చిక్కుంది. మనం రాసినట్టే చదువుతాం కాబట్టి ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో లాగా తప్పులు కుప్పలుగా బయటపడవు. పిల్లవాడు కూడబలుక్కుని చివరికి సరిగ్గానే చదువుతాడు, కానీ తోటివాళ్లు పేజీ ముగించేసరికి రెండో వాక్యంలో ఉంటాడు. 'రక్తం'ను 'రకతం' అని రాయడం, దీర్ఘాలు జారిపోవడం, ప, వ, ష తారుమారవడం ఒకటో తరగతిలో మామూలే. మూడో తరగతిలో, నేర్పించాక కూడా అలాగే ఉంటే అనుమానించాలి. ఇంట్లో కోయ, లంబాడీ మాట్లాడే పిల్లవాడి తడబాటును మాత్రం దీనికింద వేయకూడదు, అది భాష కొత్త కావడం వల్ల వచ్చింది. ఈ తేడా పట్టగలవారు ప్రత్యేక ఉపాధ్యాయులే. వారిని క్లాసుగదిలో కూర్చోనిస్తేనే పట్టగలరు. నిమిషానికి ఎన్ని పదాలు చదువుతున్నాడో లెక్కగట్టడానికీ, పదాలను ముక్కలు చేసి చదివించడం మొదలుపెట్టడానికీ సర్టిఫికెట్ అవసరం లేదు.

ఇకముందు చేరే ప్రతి ప్రత్యేక ఉపాధ్యాయుడికి మూడు నాలుగు బడులకు మించి అప్పగించకూడదు. ఏ బడిలో ఏ వారం ఏ పీరియడో ముందే రాసి, ఆ కాగితాన్ని హెడ్మాస్టర్ గదిలో మిగతా టైంటేబుల్ పక్కనే అంటించాలి. అలవెన్సుల బిల్లులు మండల రిసోర్స్ సెంటర్ సిబ్బంది చూసుకోవాలి. లీవు టీచరు క్లాసుకు, సర్వే డ్యూటీకి ఈయన్ను పంపే అలవాటు మొదటి నెలలోనే ఆపాలి, రెండో నెలకు అది ఆనవాయితీ అయిపోతుంది.