స్కాన్ చేసిన పేజీ నడవదు

ఈ మధ్య చెన్నై లజ్ కార్నర్‌లో పాత పుస్తకాలు తిరగేస్తుంటే, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ కోసం రాసిన ప్రోగ్రాముల పుస్తకం ఒకటి దొరికింది. అట్ట ఊడిపోయింది. లోపల ఒక ఆటలో 340వ లైను పక్కన ఎవరో పెన్సిల్‌తో, అదీ తెలుగులో, రాసుకున్నారు: "ఇక్కడ కామా తప్పు, సెమీకోలన్ పెట్టాలి." ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ ఒక్క లైనే.

1980లలో ఇంటి కంప్యూటర్లకు ప్రోగ్రాములు చాలావరకు కాగితం మీదే వచ్చేవి. పత్రిక చూసి టైపు చేసుకుని, క్యాసెట్‌లో దాచుకునేవారు. అమెరికా రచయిత డేవిడ్ ఆల్ 1973లో తెచ్చిన, బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఆటల పుస్తకం, 1978 నాటి కొత్త రూపంలో పది లక్షల ప్రతులు దాటింది. 1984 జనవరిలో 'కంప్యూట్స్ గెజెట్' పత్రిక స్పీడ్‌స్క్రిప్ట్ అనే వర్డ్ ప్రాసెసర్‌ను మొత్తం అంకెల వరుసలుగా అచ్చువేసింది. జనం కూర్చుని ఆ అంకెలన్నీ కొట్టారు.

ఈ పత్రికలు ఇప్పుడు చాలావరకు స్కాన్ అయి నెట్‌లో ఉన్నాయి. మంచిదే. కానీ స్కాన్‌లో మిగిలేది పేజీ బొమ్మ మాత్రమే. ప్రోగ్రామ్ మిగలాలంటే ఎవరో ఒకరు దాన్ని మళ్లీ టైపు చేసి, నడిపి చూడాలి. బొమ్మలోంచి అక్షరాలు లాగే సాఫ్ట్‌వేర్‌కు ఈ పేజీలు కొరుకుడు పడవు. చుక్కల ప్రింటర్ అచ్చులో సున్నాకూ 'ఓ'కూ తేడా తెలియదు. కమడోర్ 64 అనే కంప్యూటర్ లిస్టింగుల్లో, అంటే అచ్చువేసిన ప్రోగ్రాముల్లో, తెరను తుడిచే ఆదేశం తిరగేసిన హృదయం గుర్తులా కనిపిస్తుంది. దాన్ని యంత్రం ఏమని చదువుతుంది?

తప్పుల్లోనూ రకాలున్నాయి. వ్యాకరణం తప్పిన లైనును స్పెక్ట్రమ్ అసలు తీసుకోదు, అక్కడే ఆపేస్తుంది. ప్రోగ్రామ్ వాడుకునే అంకెలుండే డేటా లైనులో 201కి బదులు 210 కొడితే మాత్రం నోరెత్తదు. అది కంప్యూటర్ నేరుగా నడిపే మెషిన్ కోడ్ అయితే నడిపిన క్షణంలో కంప్యూటర్ బిగుసుకుపోవచ్చు. క్యాసెట్‌లో ముందే దాచకపోతే సాయంత్రమంతా కొట్టింది పోయినట్టే. అందుకే పత్రికలు ప్రతి లైనును సరిచూసే చిన్న ప్రోగ్రాములు ఇచ్చాయి. గెజెట్ మొదట ఇచ్చినది లైనులోని గుర్తుల మొత్తాన్నే లెక్కించేది, అంకెల వరుస తారుమారైతే పట్టేది కాదు. ఆ లోటును తర్వాత సరిదిద్దారు.

టి.నగర్‌లో ఉండే మా బాబాయి అడిగాడు: "నెట్‌లో ఈ ఆటల ఫైలు రెడీగా దొరుకుతుంటే మళ్లీ టైపు చేయడం ఎందుకురా?" న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ఫైలులో ఎవరో ఏదో దిద్ది ఉంటారు. ఏది దిద్దారో ఎక్కడా రాయరు. అచ్చు తప్పేదో, టైపు చేసినవాడి తప్పేదో, సొంత తెలివితో మార్చిందేదో ఇక ఎప్పటికీ తేలదు.

ఈ సమస్య మనకు కొత్త కాదు. 1869లో మొదలైన ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఈ ఊళ్లోనే ఉంది. బ్రౌన్ దొర సేకరించిన తెలుగు తాళపత్రాలు, కాగితపు ప్రతులు అక్కడికే చేరాయి. లేఖకుడి తప్పును మంచి పరిష్కర్త గుట్టుగా దిద్దడు, పాఠాంతరంగా కింద చూపిస్తాడు. పాత ప్రోగ్రాములకూ అదే పద్ధతి కావాలి: పేజీ స్కాన్, అచ్చులో ఉన్నది ఉన్నట్టు కొట్టిన ప్రతి, నడిచే ప్రతి, ఏ లైను ఎందుకు మారిందో చెప్పే చీటీ.

హక్కుల చిక్కు ఉంది. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు ఆగాలి. అప్పటికి ఈ కాగితం పొడైపోతుంది. బ్రిటన్‌లో అస్బోర్న్ సంస్థ తన 1980ల కంప్యూటర్ పుస్తకాలను తానే ఉచితంగా నెట్‌లో పెట్టింది. మిగతావాళ్లనూ అడగాలి. చెన్నైలోని కన్నెమరా లైబ్రరీకి, ప్రచురణకర్తలు ప్రతులు పంపాలనే 1954 చట్టం కింద, మన దేశపు ప్రచురణలు చేరతాయి కానీ, ఈ విదేశీ పత్రికలు ఆ లెక్కలోకి రావు. అవి ఇళ్లలో అటకల మీద, పాత పేపర్ల కొట్లలో ఉన్నాయి. బడిలో బేసిక్ నేర్చుకున్న తరానికి ఇప్పుడు యాభై దాటాయి. ఆ లిస్టింగు చదవగానే తప్పు పట్టగలిగేది వాళ్లే, ఈ పని వాళ్లుండగానే జరగాలి.

నా వంతుగా ఆ ఆటను ముందు కామాతోనే కొట్టాను. స్కోరు అంకె తెర సగంలోకి దూకి అక్కడున్న బొమ్మను చెరిపేసింది. సెమీకోలన్ పెట్టాక 'స్కోరు' అన్న మాట పక్కనే కుదురుగా నిలిచింది. రెండు ఫైళ్లూ దాచాను, పెన్సిల్ రాత ఫొటోతో సహా.