భూతకాలంలో మర్యాద

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో ఒక బట్టల కొట్టుంది. పేరు చెప్పను, వచ్చే పండక్కి మళ్లీ అక్కడికే పోవాలి. మొన్న మా మేనత్తకి చీర కొందామని వెళితే, మెడలో ఐడీ కార్డు వేలాడుతున్న కుర్రాడొకడు చేతులు కట్టుకుని, "మేడమ్, మే ఐ సజెస్ట్ సమ్‌థింగ్?" అన్నాడు.

అత్త నావైపు తిరిగి, "ఏటంతన్నాడ్రా? కొట్టు కట్టేస్తన్నారేటి?" అంది.

కుర్రాడి తప్పేం లేదు. బిల్లు మిషన్ పక్కన గోడకి లామినేషన్ చేసిన కాగితం తగిలించి ఉంది. కస్టమర్లకి సలహా ఎలా ఇవ్వాలో అందులో ఉంది. "వుడ్ యు లైక్ టు", "ఇఫ్ ఐ మే", "యు మైట్ వాంట్ టు కన్సిడర్" అన్నీ తెలుగు అక్షరాల్లోనే. "మైట్" పక్కన ఎవరో బాల్‌పెన్నుతో "మెల్లగా" అని రాశారు.

ఆ కాగితాన్ని నేను నిలబడి శ్రద్ధగా అధ్యయనం చేశాను. తేలిందేమంటే, ఇంగ్లీషువాడికి మర్యాద అవసరం పడితే భూతకాలంలోకి వెళ్లి తెచ్చుకుంటాడు. విల్ అంటే మోటు, వుడ్ అంటే నాజూకు. కెన్ కన్నా కుడ్, మే కన్నా మైట్. చీర ఇప్పుడే కొనాలి, డబ్బులు ఇప్పుడే కట్టాలి, క్రియ ఒక్కటే నిన్నటిది. మనకా సౌకర్యం లేదు. ఉన్న మర్యాదంతా 'మీరు', 'గారు', 'అండి'ల్లోనో, అమ్మా, బాబూ, తల్లీ అన్న పిలుపుల్లోనో సర్దుకోవాలి. అందుకే పాతకాలం షావుకారు ముక్కూమొహం తెలియని మనిషిని ముందు చుట్టాన్ని చేసుకుని, ఆ తర్వాతే చీర మడత విప్పేవాడు.

పైగా "మైట్"లో ఒక గొప్ప ఏర్పాటుంది. "మీరు పరిశీలించవచ్చునేమో" అన్నాడంతే. రేపు రంగు పోతే పరిశీలించింది మీరు.

ఇలాంటి నాగరికత పొందూరు దాకా ఇంకా రాలేదు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి సన్న నూలు వడికే ఊరది. అక్కడ పంచె బేరమాడుతుంటే అమ్మే పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "నీకొద్దు బాబూ, గంజెట్టి ఇస్త్రీ సేసుకునే ఓపిక నీ మొకంలో నేదు" అన్నాడు. పౌరుషం పొడుచుకొచ్చి కొన్నాను. ఆ పంచె ఇప్పుడు బీరువాలో ఉండచుట్టుకుని ఉంది.

కస్టమర్‌కి "ఇది వద్దు" అని చెప్పే మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి కూడా చూశాను.

ఈలోగా కుర్రాడు మూడో చీర పరిచాడు. "యు మైట్ వాంట్ టు కన్సిడర్ దిస్ కలర్, మేడమ్."

"ఏ ఊరు బాబూ మీది?"

"ఆమదాలవలస."

"మీ యమ్మకైతే ఈ సీర కొంతావేటి?"

కుర్రాడు సూపర్‌వైజర్ ఎటున్నాడో చూసుకున్నాడు. గొంతు తగ్గించి, "కొనను పిన్నీ. రెండుతుకులకి ఎలిసిపోద్ది. ఆ కింద అరలో నేత సీరలున్నాయి, సూడు" అన్నాడు.

అత్త నేత చీరే తీసుకుంది. బిల్లు దగ్గరికొచ్చేసరికి కుర్రాడు మళ్లీ నిటారుగా నిలబడి, "వుడ్ యు లైక్ ఎ క్యారీ బ్యాగ్, మేడమ్?" అన్నాడు. సంచి పది రూపాయలట. అత్త చీర చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.