పాత సామాన్ల సంతలో కథకు ధర కట్టొద్దు

పాత వస్తువుల సంతల గురించి పేపర్లో ఏదైనా వచ్చిందంటే అది దాదాపు ఎప్పుడూ ఒకే రకం వార్త. ఎవరో చిల్లర డబ్బులకు ఏదో కొన్నారు, అది లక్షలు పలికింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒకాయన ఫ్రేము నచ్చి నాలుగు డాలర్లకు ఒక పాత పటం కొన్నాడు. ఫ్రేము విప్పితే వెనక మడత పెట్టిన కాగితం బయటపడింది. 1776లో అచ్చయిన అమెరికా స్వాతంత్ర్య ప్రకటన తొలి ప్రతుల్లో అదొకటి. 1989లో ఆ సంగతి వెలుగులోకి వచ్చింది, 1991లో వేలంలో ఆ ప్రతికి 24 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి.

ఇది కట్టుకథ కాదు. అయినా ఇలాంటి వార్తల వల్ల సంతకు వెళ్లేవాళ్లకు మేలు కన్నా కీడే ఎక్కువ. వాటిని కొనేవాళ్లే కాదు, అమ్మేవాళ్లూ చదువుతారు కదా! ఫ్రేము వెనక ఏమైనా ఉండొచ్చన్న ఆశకు కూడా రేటు కట్టి వస్తువు మీద ముందే వేసేస్తారు. పైగా దాన్ని ఎవరు వాడారు, ఏ బంగళాలోంచి వచ్చింది అని ఓ చరిత్ర చెబుతారు. అప్పుడు మనం కొనేది సగం వస్తువు, సగం కథ. ఆ రెండో సగానికి పైసా ఇవ్వనక్కర్లేదు. పాత బిల్లు, వేలం రసీదు, ఆ వస్తువు అదే ఇంట్లో ఉండగా తీసిన ఫొటో లాంటివి చూపిస్తే వేరే సంగతి. నోటిమాటగా వచ్చే చరిత్ర వినడానికి బాగుంటుంది, అంతే.

అదృష్టవంతుల కథల్లోనూ అసలు సంగతి వేరేగా ఉంటుంది. ఫాబెర్జే అనే నగల సంస్థ 1887లో రష్యా చక్రవర్తి కోసం చేసిన బంగారు గుడ్డు ఒకటి విప్లవం తర్వాత కనిపించకుండా పోయి, చివరికి ఒక అమెరికన్ సంతలో తేలింది. కొన్నవాడు చరిత్రను చూసి కొనలేదు. కరిగిస్తే వచ్చే బంగారం ఎంతో లెక్కేసుకుని సుమారు 14 వేల డాలర్లు పెట్టాడు. ఆ లెక్క కూడా తప్పింది. తూకం వేసిన వాళ్లెవరూ అంత ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అమ్ముడుపోక అది ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండిపోయింది. 2012లో గుడ్డు లోపలి గడియారం మీదున్న కంపెనీ పేరు ఇంటర్నెట్లో వెతికాకే అదేమిటో తెలిసింది. అంటే అంత పెద్ద అదృష్టం కూడా బేరంగా చూస్తే నష్టపు బేరమే. వార్తల్లో ఈ ముక్క ఎక్కడో అడుగున ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ సరుకులో ఉన్న చిక్కును ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లోనే విప్పి చెప్పాడు. పాత కారులో లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. ఆ అనుమానంతో కొనేవాడు మంచి బండికి కూడా తక్కువే ఇస్తానంటాడు. దాంతో మంచి బండ్లున్న వాళ్లు మార్కెట్‌కే రారు. సంతలో ఈ లెక్కకు ఇంకో మెలిక ఉంటుంది. ఖాళీ చేసిన ఇంటి సామానంతా గంపగుత్తగా కొని తెచ్చిన వ్యాపారికి అందులో చాలా వస్తువులు ఏమిటో తనకే తెలియదు. తెలిసినవాడు తెల్లవారక ముందే టార్చిలైటు పట్టుకుని వచ్చి, తనకు కావలసింది ఏరుకుని పోతాడు. మనం తీరిగ్గా వెళ్లేసరికి మిగిలేవి రెండు రకాలు: కథతో రేటు పెంచిన వస్తువులు, ఎవరికీ పట్టని మామూలు సామాన్లు. నన్నడిగితే లాభమంతా ఈ రెండో రకంలోనే ఉంది.

సరే, మొదటి రకం మీదే మనసు పడిందనుకుందాం. అప్పుడు మనిషి మాట పక్కన పెట్టి వస్తువునే అడగాలి. కలప ఎండేకొద్దీ నార నిడివిన కాకుండా అడ్డంగా కుంచించుకుపోతుంది. కాబట్టి గట్టి పలకలతో చేసిన పాత గుండ్రటి బల్లకు టేపు పెట్టి రెండు వైపులా కొలిస్తే ఒక కొలత కొంచెం తక్కువ రావాలి. అచ్చంగా గుండ్రంగా ఉంటే దాని వయసును అనుమానించాల్సిందే. సొరుగు పూర్తిగా బయటికి లాగి తిరగేసి చూడండి. మూలల్లో చెక్కలను కలిపే, చేత్తో కోసిన పళ్ల అతుకులు ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు ఉండవు. అడుగు పలక మీద వంపు తిరిగిన రంపపు గీతలుంటే అది గుండ్రటి రంపపు మర కోసిన చెక్క. 19వ శతాబ్దానికి ముందుదని చెబితే నమ్మక్కర్లేదు. అరుగుదల ఎక్కడుందన్నది అన్నిటికన్నా ముఖ్యం. కుర్చీకి చేయి ఆనే చోట, కాలు తగిలే అడ్డకర్ర మీద అరగాలి గానీ, ఎవరూ ముట్టుకోని వెనకవైపు కూడా అంతే అరిగిందంటే ఎవరో పనిగట్టుకుని అరగదీశారన్నమాట.

స్క్రూలూ సాక్ష్యం చెబుతాయి. ప్లస్ గుర్తు గాడి ఉన్న స్క్రూ 1930ల్లో వచ్చింది. రెండు వందల ఏళ్ల పెట్టె అని చెప్పినదానికి అలాంటివి కనిపిస్తే, మధ్యలో రిపేరు చేయించామంటారు. కావచ్చు కూడా. పక్కనే పాత స్క్రూ ఉండే రంధ్రం ఉందా, కీలు మారిన జాడ ఉందా అని చూస్తే తేలిపోతుంది. పింగాణీ సామాను అయితే అడుగున చూడాలి. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు వేయాలని అమెరికా 1890లో చట్టం చేసింది. ఇంగ్లీషులో దేశం పేరుంటే ఆ తర్వాతిదేనని దాదాపుగా అనుకోవచ్చు. పేరు లేనంత మాత్రాన అంతకు ముందుది అయిపోదు. అంటించిన కాగితం ఊడిపోయి ఉండొచ్చు.

వెండి విషయంలో చాలామంది అయస్కాంతం జేబులో వేసుకెళ్లి అదే పెద్ద పరీక్ష అనుకుంటారు. అది పట్టించేది ముఖ్యంగా ఇనుమునే. వెండి పూత వేసే సామాన్లలో ఎక్కువ భాగం లోపల రాగి, జింకు, నికెల్ కలిపిన లోహం. దానికీ అయస్కాంతం అంటదు. ఈపీఎన్ఎస్ (EPNS) అన్న అక్షరాలు కనిపిస్తే అది పూతే. 925 అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి. ఇంగ్లండ్ వెండి అయితే నడుస్తున్న సింహం ముద్ర, దాని పక్కన పరీక్ష జరిగిన ఊరి గుర్తు ఉంటాయి. లంగరు బొమ్మ ఉంటే బర్మింగ్‌హామ్. ముద్రలకూ నకిలీలున్నాయి.

యాంటిక్ అన్న మాటకున్న గీత కూడా శిలాశాసనమేమీ కాదు. అమెరికా 1930 నాటి సుంకాల చట్టం 1830కి ముందు చేసినవాటినే పురాతన వస్తువులుగా లెక్కపెట్టింది. 1966లో దాన్ని వందేళ్లు నిండినవిగా మార్చారు. ఏటా కొత్త సరుకు ఆ గీత దాటుతూనే ఉంటుంది. వయసొక్కటే విలువ అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. వందేళ్ల నాటి నాసిరకం కుర్చీ ఇవాళ్టికీ నాసిరకమే.

మామూలు సామాన్ల మీద నాకింత మక్కువ ఎందుకంటే, వాటిలో కథ లేదు, దాచడానికి పెద్దగా ఏమీ లేదు. గట్టి కలప బీరువా, ఉక్కు పనిముట్లు, పోత ఇనుప పెనం, బిగింపు పట్టే ఇనుప పట్టకార్లు లాంటివి పట్టుకుని, తెరిచి మూసి, ఊపి చూస్తే సగం సంగతి అక్కడికక్కడే తెలుస్తుంది. పైన తుప్పుంటే భయం లేదు. పగులుంటే మాత్రం వదిలేయాలి. నిజానికి ఈ సంతల మూలం కూడా ఇదే. పారిస్‌లో 1883లో నగర పాలనాధికారి ఊజీన్ పుబెల్ ప్రతి ఇంటికీ చెత్తడబ్బా ఉండాలని ఉత్తర్వు వేయడంతో, రాత్రిళ్లు వీధి చెత్త ఏరుకుని బతికేవాళ్ల జీవనం దెబ్బతింది. వాళ్లలో చాలామంది నగరపు గోడల బయటే సరుకు పరిచి అమ్ముకున్నారు. పారిస్ అంచున, ఇవాళ ప్రపంచమంతా పేరున్న సెంతువాన్ సంత తన పుట్టుకను 1885 నుంచి లెక్కపెట్టుకుంటుంది. యాంటిక్ దుకాణాలు తర్వాత వచ్చి చేరినవే.

ధరల తీరు కూడా వాడుకునేవాడి వైపే ఉంది. బ్రిటన్‌లో, అమెరికాలో 19వ శతాబ్దపు ముదురు రంగు చెక్క ఫర్నిచర్ ధరలు ఈ శతాబ్దంలో బాగా పడిపోయాయి. ఇళ్లు చిన్నవయ్యాయి, అభిరుచులు మారాయి. పెట్టుబడి అనుకుని కొన్నవాళ్లకు కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత అనుభవానికి వచ్చింది. బట్టలు పెట్టుకోవడానికి బీరువా కావలసినవాడికి మాత్రం పండగే.

కొన్నిటిని ఎంత చవకైనా ముట్టుకోకూడదు. పాత రంగు వేసిన ఉయ్యాలలు, పిల్లల బొమ్మలు ఆ జాబితాలో మొదటివి. ఇళ్లలో వాడే రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లో గానీ నిషేధించలేదు. పరుపుల్లో నల్లులుండొచ్చు. వైరు తొడుగు పగిలిన కరెంటు సామాను కొనడమంటే షాక్ కొనుక్కోవడమే. రాత్రిపూట మెరిసే అంకెలున్న పాత గడియారాల్లో కొన్నిటికి రేడియం అనే రేడియోధార్మిక పదార్థం పూసేవారు. మెరుపు పోయింది కదా, ఇక ఏమీ కాదనుకుంటారు. పోయింది మెరిసే పదార్థం శక్తి మాత్రమే. రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. అద్దం పగిలిన అలాంటి గడియారాన్ని విప్పి బాగుచేయబోవడం అన్నిటికన్నా ప్రమాదం.

ఇక దొంగసొత్తు సంగతి. ఇంగ్లండ్‌లో ఒక వింత చట్టం ఉండేది. గుర్తింపు ఉన్న కొన్ని సంతల్లో పొద్దు పొడిచాక, పొద్దు గూకేలోపు బహిరంగంగా, నిజాయితీగా కొంటే ఆ వస్తువు దొంగిలించినదైనా కొన్నవాడిదే. 1995 నుంచి అది లేదు. ఏడు డాలర్లకు సంతలో కొన్నానని ఒకావిడ చెప్పిన చిన్న పెయింటింగ్ ప్రసిద్ధ ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వార్ గీసినదని తేలాక, 1951లో అది బాల్టిమోర్ మ్యూజియంలో చోరీ అయినట్టు కూడా రికార్డు దొరికింది. 2014లో కోర్టు దాన్ని మ్యూజియానికే ఇప్పించింది. అందుకే ఖరీదైన వస్తువు కొంటే అమ్మినవాడి పేరు, తేదీ, వస్తువు వివరం రాసిన చీటీ ఒకటి తీసుకోండి. రాసివ్వడానికి నీళ్లు నమిలే వ్యాపారి దగ్గర బేరం ఎంత కుదిరినా అక్కడితో ఆపేయడం మంచిది.