మళ్లీ అదే బెనెష్ ఫార్వర్డ్!

వారంలో ఇది ఐదోసారి. ఈసారి పంపింది మా బావ. మెసేజ్ సారాంశం: రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌లో తలదాచుకున్న, అధ్యక్షుడు బెనెష్ నడిపిన చెకోస్లొవేకియా ప్రభుత్వం పక్కాగా ప్లాన్ వేసి, యుద్ధం అయ్యాక తమ దేశంలో ఉంటున్న జర్మన్లలో ద్రోహులను మాత్రమే, రక్తం చిందకుండా దేశం దాటించింది, ఐక్యరాజ్యసమితి కూడా ఆమోదించింది. కింద మూడు చప్పట్ల బొమ్మలు.

సమితి సంగతి తేల్చేద్దాం. జర్మన్లను పంపించెయ్యడానికి జర్మనీలోని పోట్స్‌డామ్ సమావేశంలో ఒప్పుకున్నవి అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్, 1945 ఆగస్టు 2న. సమితి పుట్టింది అక్టోబరు 24న. కడుపులో ఉండగానే సంతకం పెట్టినట్టుంది.

రక్తం చిందలేదట. 1945 మే 30 రాత్రి అక్కడి బ్ర్నో నగరంలో ఇళ్లలోంచి ఈడ్చి ఆస్ట్రియా సరిహద్దు వైపు నడిపించిన ఇరవై వేలమందిలో ఎక్కువమంది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. దారిలో పోహోర్జెలిట్సె శిబిరంలో రక్తవిరేచనాలతో వందలమంది పోయారు. మొత్తం వెళ్లగొట్టడంలో చనిపోయినవాళ్లు 15 వేల నుంచి 30 వేలని చెక్, జర్మన్ చరిత్రకారుల ఉమ్మడి సంఘమే లెక్క తేల్చింది.

ఇక 'ద్రోహులను మాత్రమే'. అసలు మంట నాకు ఇక్కడే. పోట్స్‌డామ్ ఒప్పందం రోజే బెనెష్ 33వ డిక్రీ (అధ్యక్షుడి ఉత్తర్వు) ఇచ్చి జర్మన్ల పౌరసత్వం తీసేశాడు. ద్రోహం చేశావని ప్రభుత్వం రుజువు చేయక్కర్లేదు, చేయలేదని నువ్వే రుజువు చేసుకోవాలి. చంకలో పసివాడు ఏ కాగితం చూపించాలో! వెంత్సెల్ యాక్ష్ హిట్లర్‌ని మొదట్నుంచీ ఎదిరించిన సుడేటెన్ జర్మన్ (చెకోస్లొవేకియాలో ఉండే జర్మన్లను అలా అనేవాళ్లు). అదే లండన్‌లో ప్రవాసంలో ఉండి, ఈ ప్లాన్ తప్పని బెనెష్‌తో పోట్లాడాడు. 1930 జనాభా లెక్కల్లో జర్మన్ అని రాయించుకున్న పాపానికి, నాజీ క్యాంపుల నుంచి బతికొచ్చిన యూదుల్లో చాలామందికీ ఇదే గతి. హిట్లర్ లెక్కలో యూదుడు, ప్రాగ్ లెక్కలో జర్మన్. భలే న్యాయం!

'పక్కా ప్లాన్' మాత్రం నిజం, ఒప్పుకుంటున్నా. బ్రిటిష్ క్యాబినెట్ 1942 జులైలోనే సూత్రప్రాయంగా సరేనంది. అంతకు నెల ముందే నాజీలు లిదిత్సె అనే చెక్ ఊళ్లో 173 మంది మగవాళ్లను నిలబెట్టి కాల్చేశారు. 1935లో సుడేటెన్ జర్మన్లలో మూడింట రెండొంతుల ఓట్లు, తర్వాత హిట్లర్ పక్షాన చేరిన హెన్లైన్ పార్టీకే పడ్డాయి. చెక్కుల కోపం నాకు అర్థమవుతుంది. అప్పుడు అక్కడుంటే నేనూ నోరు మెదిపేవాణ్ని కానేమో.

కానీ చప్పట్లెందుకు? 1946లో ఆ జర్మన్లను తరలించిన రైలుకి 40 పెట్టెలు, పెట్టెకి 30 మంది, మనిషికి మహా అయితే 50 కిలోల సామాను. కొడుకు అమెరికా వెళ్తుంటే 46 కిలోలేం సరిపోతాయని, ఆవకాయ సీసా చేతిలో పట్టుకుని ఎయిర్‌పోర్టులో గొడవపడినవాడు మా బావ.