గొరగనమూడి స్వామి, వాల్తేరు లేబొరేటరీ

మొన్న సంక్రాంతికి వైజాగ్ వెళ్లినప్పుడు మా అమ్మాయిని ఆంధ్రా యూనివర్సిటీకి తీసుకెళ్లాను. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన చోటు చూపిద్దామని. న్యూక్లియర్ ఫిజిక్స్ వైపు నడుస్తుంటే బోర్డు మీద పేరు చదివి ఆగిపోయింది.

"నాన్నా, న్యూక్లియర్ ల్యాబ్‌కి స్వామి జ్ఞానానంద పేరేంటి? ఆయన భక్తులెవరైనా డొనేషన్ ఇచ్చారా?"

"లేదమ్మా. ఆ ల్యాబ్ పెట్టిందే ఆయన" అన్నాను.

తను నమ్మలేదు. తన తప్పేం లేదు. న్యూరోసైన్స్ చదువుతున్న పిల్ల. ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం సభల్లో తను విన్న స్వాములందరూ సైన్సు గురించి మాట్లాడినవాళ్లే గానీ చేసినవాళ్లు కాదు. పోయినేడు ఒక వక్త క్వాంటమ్ సిద్ధాంతమంతా ఉపనిషత్తుల్లో ఎప్పుడో ఉందని గంటసేపు చెప్పారు. పెద్దవాళ్లం చప్పట్లు కొట్టాం. వెనక వరసలో కూర్చున్న మన పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

జ్ఞానానంద గారిది భీమవరం దగ్గర గొరగనమూడి. 1896లో పుట్టారు. హిమాలయాల్లో ఏళ్ల తరబడి యోగసాధన చేసి, తన ఆధ్యాత్మిక రచనల పని మీద జర్మనీ వెళ్లారు. అక్కడ సాపేక్ష సిద్ధాంతం మీద ఉపన్యాసాలు విని ఫిజిక్స్ వైపు తిరిగారు. అప్పటికే ముప్ఫై దాటిన మనిషి, పైగా సన్యాసి. ఆ వయసులో పట్టుబట్టి ఫిజిక్స్ నేర్చుకుని ప్రాగ్‌లో ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీలో పరిశోధన చేశారు. తర్వాత లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ని కనిపెట్టిన చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద, ఆపైన అమెరికాలో మిషిగన్‌లో. తిరిగొచ్చాక ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేసి, 1950ల్లో వాల్తేరులోని ఆంధ్రా యూనివర్సిటీలో చేరి, న్యూక్లియర్ పరిశోధనకి అక్కడ పునాది వేశారు. ప్రొఫెసర్ అయ్యాక కూడా, 1969లో పోయేవరకూ స్వామిగానే ఉన్నారు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదీ: బీటా కిరణాల శక్తి ఎంతో తెలుసుకోవడానికి ఆయన ధ్యానంలో కూర్చోలేదు. ఆ శక్తిని కొలిచే పరికరం, స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చున్నారు.

ఆ పని ఎంత ఓపిక కోరుతుందో చేసినవాళ్లకే తెలుస్తుంది. బీటా కిరణాలంటే పరమాణు కేంద్రకం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు. అయస్కాంత క్షేత్రంలో అవి ఎంత వంపు తిరిగాయో చూసి వాటి శక్తి లెక్కగడతారు. మధ్యలో గాలి ఉంటే అణువులకి కొట్టుకుని దారి తప్పుతాయి. అందుకని గాలంతా తోడెయ్యాలి. ఆ హై వ్యాక్యూమ్ మీద స్వామి ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. మేం చదివే రోజుల్లో పంపు గంటలకొద్దీ గురగురలాడుతుంటే లోపల మిగిలిన గాలి ఒత్తిడి చూపే గేజ్ ముల్లు ఒక దగ్గరికొచ్చి మొండికేసేది. ఎక్కడో లీకు. దూదికి స్పిరిట్ అద్ది ఒక్కో జాయింటుకీ తాకిస్తూ పోయేవాళ్లం. ముల్లు చటుక్కున కదిలితే దొంగ దొరికినట్టే. లీకు లేకపోయినా, లోపలి గోడకి అంటిన ఒక్క వేలిముద్ర జిడ్డు చాలు, మెల్లగా ఆవిరి వదులుతూ రోజంతా తినేస్తుంది.

ఇలా గాలంతా తోడెయ్యడాన్ని పతంజలి యోగసూత్రాల్లో చెప్పిన చిత్తవృత్తి నిరోధంతో, అంటే మనసులో అలజడిని అణచడంతో పోల్చాలని నాకూ అనిపిస్తుంది. పోలిక బాగుంది కూడా. కానీ అది పోలికే, రుజువు కాదు. దాన్ని రుజువుగా వేదికెక్కిస్తే ఫిజిక్స్‌కీ అన్యాయమే, పతంజలికీ అన్యాయమే. పతంజలికి ఫిజిక్స్ సాక్ష్యం అక్కర్లేదు. ఆయన చెప్పింది సాధన. చేసి చూడమన్నారు.

ఇదే క్యాంపస్‌లో ఇంకో పెద్దాయన కోనేరు రామకృష్ణారావు గారు. మేముండే నార్త్ కరొలైనాలోనే, డర్హమ్‌లో టెలిపతీ లాంటి అతీంద్రియ శక్తుల మీద పరీక్షలు చేసిన జె.బి. రైన్‌తో పనిచేసి, విశాఖలో సైకాలజీ, పారాసైకాలజీ (అలాంటి శక్తుల పరిశోధన) విభాగం నడిపి, అదే యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ అయ్యారు. 2011లో పద్మశ్రీ. రైన్ పరీక్షలో 25 కార్డులు, 5 గుర్తులు. కార్డు చూడకుండా దాని మీద గుర్తేంటో చెప్పాలి. ఊరికే ఊహించినా సగటున 5 తగులుతాయి. అంతకు మించి పదేపదే తగిలితేనే మాట్లాడాలి. ఆ ఫలితాలని సైన్సు లోకంలో చాలామంది ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. కానీ చైతన్యం గురించి అడగదలుచుకున్నవాడు లెక్కకి నిలబడాలని ఆయన పట్టుబట్టారు, యోగశాస్త్రాన్నీ పాశ్చాత్య మనస్తత్వశాస్త్రాన్నీ పక్కపక్కన పెట్టి జీవితమంతా చదివారు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

మన సంఘం పెద్దలకి నా మనవి ఒక్కటే. వచ్చే సభలో సైన్సూ ఆధ్యాత్మికం ఒకటేనని చెప్పే ఉపన్యాసం వద్దు. ఆ గంటలో సగం ధ్యానం తెలిసినవాళ్లు పిల్లల్ని కూర్చోబెట్టనివ్వండి. మిగతా సగం మన ఊళ్లో ల్యాబుల్లో పనిచేసే తెలుగు పిల్లలు మెదడు గురించి ఏం తెలిసిందో, ఏం తెలియలేదో చెప్పనివ్వండి. అనుభవమనేది అసలు ఎందుకు ఉందన్న ప్రశ్నకి 1990ల్లో డేవిడ్ చామర్స్ 'కఠిన సమస్య' అని పేరు పెట్టారు. అది ఇంకా తేలలేదు. తేలలేదని పిల్లల ముందు ఒప్పుకోవడానికి మనకెందుకు టెన్షన్?

ఆ సాయంత్రం లాసన్స్ బే కాలనీలో మా ఇంటికొచ్చాక మా అమ్మాయి నానమ్మ పక్కన చేరింది. "జపం చేస్తుంటే లోపల ఏమవుతుంది నానమ్మా?"

మా అమ్మ కాసేపు ఆలోచించింది. "చాలాసేపు ఏమీ అవదమ్మా. పాలు పొంగిపోతాయేమో, గ్యాస్ కట్టేశానో లేదో, ఇవే. తర్వాత అవి పోతాయి. ఎప్పుడు పోయాయో మాత్రం ఎన్నడూ తెలీలేదు. పోయాయని తర్వాతే తెలుస్తుంది."

మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి నోట్‌బుక్ తెచ్చుకుంది. "ఇంకోసారి చెప్పు నానమ్మా, నువ్వన్నట్టే రాసుకుంటాను" అంది.