'ఎవరి నుంచి వచ్చింది?' అనే ప్రశ్నతోనే చిక్కు

రిపోర్టులో సిఫిలిస్ అనో క్లమీడియా అనో, లైంగికంగా సోకే ఇన్‌ఫెక్షన్ ఏదో ఒకటి తేలిన రోజు ఇంట్లో ముందుగా వినిపించే మాట 'ఇది నీకు ఎవరి నుంచి వచ్చింది?' అని. భార్య భర్తను అడుగుతుంది, భర్త భార్యను అడుగుతాడు. పెళ్లి కానివాళ్లు ఎవరినీ అడగలేక లోలోపలే నలిగిపోతారు. అలా అడగాలనిపించడం సహజం. కానీ చాలాసార్లు దానికి ఏ ల్యాబూ జవాబు చెప్పలేదు. దాని చుట్టూ తిరుగుతూ ఉండగానే మందు వేసుకోవాల్సిన రోజులు దాటిపోతాయి. లైంగికంగా సోకే ఇన్‌ఫెక్షన్లు ఇంతగా పాకిపోవడానికి క్రిములు ఎంత కారణమో, తప్పెవరిదో తేల్చాలన్న మన పట్టుదల కూడా అంతే కారణమని నేను నమ్ముతున్నాను.

ఈ పట్టుదల ఇప్పటిది కాదు. 15వ శతాబ్దం చివర్లో యూరప్‌లో సిఫిలిస్ చెలరేగినప్పుడు ఇటలీవాళ్లు దాన్ని ఫ్రెంచి రోగం అన్నారు. ఫ్రెంచివాళ్లు నేపుల్స్ రోగం అన్నారు. రష్యావాళ్లకు అది పోలండ్ రోగం. తెలుగులో విడివిడిగా సవాయి (సిఫిలిస్), సెగ (గనేరియా) అనే పేర్లున్నా అన్నిటినీ కలిపి సుఖవ్యాధులు అనేశాం. సుఖపడ్డావు కాబట్టి అనుభవించు అన్న తీర్పు ఆ పేరులోనే ఉంది. అందుకే ఆ మాట వాడడం నేను మానేశాను.

సిఫిలిస్ క్రిమిని 1905లో షౌడిన్, హాఫ్‌మన్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. అది స్క్రూలా మెలితిరిగి ఉండే బ్యాక్టీరియా. పెన్సిలిన్‌తో నయమవుతుందని 1943లో తేలింది. తొలి దశలో పట్టుకుంటే ఇప్పటికీ ఒక్క డోసు బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ సరిపోతుంది. అయినా 2022లో కొత్తగా 80 లక్షల మంది పెద్దలకు సిఫిలిస్ సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ నాలుగూ మందులతో నయమయ్యేవే. ఈ నాలుగూ కలిపి 2020లో 37.4 కోట్ల కొత్త ఇన్‌ఫెక్షన్లు. మందులున్న రోగాలే ఇన్ని కోట్ల మందికి సోకుతున్నాయంటే మందు దాకా మనిషి రావడం లేదనే అర్థం.

ఎందుకు రావడం లేదు? చాలామందికి తమకు ఏదో ఉందని తెలియదు. సిఫిలిస్ మొదటి పుండు క్రిమి చేరిన దాదాపు మూడు వారాలకు వస్తుంది. నొప్పి ఉండదు. లోపలివైపు వస్తే కనిపించదు కూడా. కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. తర్వాత ఒంటి మీద, కొందరికి అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లు వస్తాయి, అవీ పోతాయి. 'తగ్గిపోయింది' అనుకుంటాం. క్రిమి మాత్రం ఒంట్లోనే ఏళ్ల తరబడి ఉండి, కొందరిలో గుండెనూ మెదడునూ దెబ్బతీస్తుంది. క్లమీడియా సోకిన ఆడవాళ్లలో ఎక్కువ మందికి ఏ లక్షణమూ ఉండదు. పిల్లలు ఎందుకు పుట్టడం లేదని పరీక్షలకు వెళ్లినప్పుడు గానీ దానివల్ల ఫెలోపియన్ నాళాలు (అండం గర్భాశయానికి చేరే దారులు) మూసుకుపోయిన సంగతి బయటపడదు. హెర్పిస్ వైరస్ పొక్కులు లేని రోజుల్లో కూడా చర్మం నుంచి అవతలివారికి చేరగలదు. మర్మావయవాల దగ్గర సోకే హెర్పిస్ ప్రపంచవ్యాప్తంగా 15 నుంచి 49 ఏళ్ల వయసువారిలో ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా ఉంది.

ఇప్పుడు మళ్లీ ఆ మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. పెళ్లయి పదేళ్లయిన మనిషిలో సిఫిలిస్ తేలిందంటే అది పెళ్లికి ముందు సోకినదై ఉండొచ్చు. హెర్పిస్ పొక్కులు ఈ వారమే మొదటిసారి కనిపించినా వైరస్ ఎప్పుడో చేరి ఉండొచ్చు. హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) విషయంలో ఈ దూరం ఇంకా ఎక్కువ. లైంగిక జీవితం ఉన్నవారిలో చాలామందికి ఏదో ఒకప్పుడు ఆ వైరస్ సోకుతుంది, ఎక్కువమందిలో రెండేళ్లలోపే పోతుంది. పోకుండా ఉండిపోయిన కొందరిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెపటైటిస్ బి అయితే తల్లి నుంచి పుట్టుకతోనే వచ్చి ఉండొచ్చు. కాగితం మీద పాజిటివ్ అన్న మాట చూసి ఒక మనిషిని మోసగాడనో, మోసగత్తె అనో తేల్చేయడానికి వైద్యశాస్త్రం ఆధారం ఇవ్వదు. కొన్నిసార్లు అనుమానం నిజమే కావచ్చు. అది ఆ ఇద్దరూ తేల్చుకోవాల్సిన విషయం. అప్పటిదాకా వైద్యం ఆగకూడదు.

డాక్టరు అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. 'ఇది ఇంకా ఎవరికి ఉండి ఉండొచ్చు?' క్లమీడియాకు ఒక్కరే మందు వాడి నయం చేసుకున్నారనుకుందాం. భాగస్వామికి వైద్యం అందకపోతే మళ్లీ కలిసినప్పుడు ఆ ఇన్‌ఫెక్షన్ తిరిగి వచ్చేస్తుంది. మందు పనిచేయలేదని డాక్టరును మారుస్తారు, ఇంకో మందు వాడతారు. అందుకే ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి, వైద్యం పూర్తయ్యేదాకా కలవకుండా ఉండాలి, మూడు నెలల తర్వాత మళ్లీ టెస్ట్ చేయించుకోవాలి. భాగస్వామికి ఈ మాట చెప్పడం మహా కష్టం. చెప్పేవాళ్ల మీద అరవకుండా వినగలిగితే అవతలివాళ్ల ఆరోగ్యానికే మేలు.

చెప్పుకోలేని టెన్షన్‌తో చాలామంది నేరుగా మందుల షాపుకు వెళతారు. మూత్రంలో మంట, తెల్లబట్ట అని చెప్పి నాలుగు మాత్రలు తెచ్చుకుంటారు. మంట తగ్గగానే ఆపేస్తారు. గనేరియా విషయంలో ఇది చాలా ప్రమాదం. 1930ల్లో సల్ఫా మందులతో తగ్గిన ఆ క్రిమి కొన్నేళ్లకే వాటిని తట్టుకుంది. తర్వాత పెన్సిలిన్‌ను, టెట్రాసైక్లిన్‌ను, సిప్రోఫ్లాక్సాసిన్‌ను వరసగా ఓడించుకుంటూ వచ్చింది. చాలాచోట్ల ఇప్పుడు ప్రధానంగా సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ మీదే ఆధారపడుతున్నారు. దానికీ లొంగని రకాలు ఇప్పటికే కనిపించాయి. తెల్లబట్టకు కారణం ప్రతిసారీ లైంగిక ఇన్‌ఫెక్షనే అవ్వాలని లేదు, అది కూడా పరీక్షలోనే తెలుస్తుంది.

టెస్టుల గురించి ఒక అపోహ నన్ను బాగా కలవరపెడుతుంది. 'రక్తపరీక్ష చేయించాను, అంతా బాగుంది' అని ధీమాగా ఉండేవాళ్లు చాలామంది. మామూలు హెల్త్ చెకప్‌లో ఈ టెస్టులు ఉండాలనేం లేదు. హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి రక్తంలో తెలుస్తాయి. క్లమీడియా, గనేరియాలను మూత్రంలో గానీ, స్వాబ్‌తో (దూదిపుల్లతో తీసిన నమూనాలో) గానీ వెతకాలి. గొంతులో ఉంటే గొంతు నుంచే స్వాబ్ తీయాలి. పైగా సోకిన మర్నాడే టెస్ట్ చేస్తే ఏమీ కనిపించదు. ల్యాబ్‌లో చేసే యాంటిజెన్, యాంటీబాడీ పరీక్షలో హెచ్ఐవీ బయటపడడానికి 45 రోజుల దాకా పట్టవచ్చు. అయితే ప్రమాదం జరిగిందన్న అనుమానం ఉంటే అన్ని రోజులు ఎదురుచూడకూడదు. 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడితే హెచ్ఐవీని అడ్డుకునే మందులున్నాయి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

నివారణ అనగానే కండోమ్ గుర్తొస్తుంది. ప్రతిసారీ, మొదటి నుంచి చివరి దాకా సరిగ్గా వాడితే హెచ్ఐవీ, గనేరియా, క్లమీడియాల నుంచి గట్టి రక్షణ. నూనె, వాజిలీన్ రాస్తే లేటెక్స్ దెబ్బతింటుంది, నీటితో చేసిన జెల్ వాడాలి. చర్మానికి చర్మం తగిలితే సోకే హెర్పిస్, హెచ్‌పీవీ, సిఫిలిస్‌లకు కండోమ్ కప్పని భాగం నుంచి దారి ఉంటుంది. హెచ్‌పీవీకి, హెపటైటిస్ బికి టీకాలున్నాయి. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయించమంటే 'అంత చిన్నపిల్లకు ఇప్పుడే ఎందుకు' అని వెనకాడే తల్లిదండ్రులున్నారు. వైరస్ తగలకముందే వేస్తేనే టీకా బాగా పనిచేస్తుంది, అందుకే ఆ వయసు. ఆ పిల్ల ప్రవర్తన గురించి టీకా ఏమీ చెప్పదు. హెచ్ఐవీ ఉన్నవారు మందులు క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా ఉంచుకుంటే లైంగికంగా ఇతరులకు సోకదు. ఈ సంగతి తెలియక ఎన్ని కుటుంబాలు ఇంకా భయంతో బతుకుతున్నాయో.

సిఫిలిస్ ఉన్న గర్భిణికి వైద్యం అందకపోతే కడుపులోని బిడ్డకు కూడా సోకుతుంది. గర్భస్రావం కావచ్చు, బిడ్డ చనిపోయి పుట్టవచ్చు. 2022లో ఇలా తల్లి నుంచి బిడ్డకు సోకిన కేసులు 7 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నెలలు నిండకముందే చేసే ఒక చిన్న రక్తపరీక్ష, ప్రసవానికి కనీసం 30 రోజుల ముందు మొదలుపెట్టిన పెన్సిలిన్ ఆ బిడ్డను కాపాడగలవు. తల్లికి ఒక్కదానికే ఇంజెక్షన్ ఇచ్చి పంపిస్తే, భర్త నుంచి అదే గర్భంలో ఆమెకు మళ్లీ సోకవచ్చు. కాబట్టి రిపోర్టు వచ్చిన రోజే ఆయన్నీ పిలిపించి పరీక్ష చేయాలి, ఇద్దరికీ వైద్యం మొదలుపెట్టాలి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.